రఫ్ పుస్తకాలు అమ్మేసిన ఏడాది

ముప్పై ఏళ్ళకు పైగా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మనసు గురించి నేను చెప్పిన పాఠాలు ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు. మార్జిన్ గీయకపోతే మేడం ఊరుకోదన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. ఈమధ్య ఒక పెళ్ళిలో పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. వాడూ ఇప్పుడు ఎక్కడో విభాగాధిపతి. అయినా నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, నేను వాడి రికార్డు రెండుసార్లు తిరగరాయించిన వైనం పదిమందికీ చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. ఎందుకో చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, గుర్తింపు కమిటీ వస్తుందనగానే ఫైళ్ళు సర్దే పని నెత్తిన పడే కుర్ర లెక్చరర్లు వింటే మంచిది.

మాది నెల్లూరుకు దగ్గర్లో ఉన్న ఒక మాదిరి విశ్వవిద్యాలయం. సైకాలజీ ఎమ్మే అక్కడ ఎప్పటినుంచో ఉంది. నా సర్వీసు చివరి ఏళ్ళలో, నేను విభాగాధిపతిగా ఉండగా, కౌన్సెలింగ్‌లో రెండేళ్ళ కోర్సు కొత్తగా పెట్టాం. ఉత్త ఎమ్మే చదివినవాళ్ళు పాఠాలు చెప్పుకోవచ్చు, పరిశోధన చేసుకోవచ్చు. ఆస్పత్రిలో ఒక మనిషికి ఎదురుగా కూర్చుని, ఆ మనిషి బాధ విని, చివర సంతకం పెట్టాలంటే ఆ డిగ్రీ చాలదు. ఆ సంతకం చెల్లాలంటే చదివిన కోర్సుకు వృత్తి మండలి గుర్తింపు ఉండాలి. మండలి వాళ్ళు ఒక కమిటీని పంపుతారు. కమిటీ పాఠాలు చూస్తుంది, పంతుళ్ళను చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలు నిజమైన మనుషులతో ఎన్ని గంటలు కూర్చున్నారు, వాళ్ళ మాటలను ఎలా కాపాడారు అన్నది చూస్తుంది. నచ్చితే సరే. నచ్చకపోతే పిల్లల చేతిలో మిగిలేది ఒక అందమైన కాగితం.

మా మొదటి బ్యాచిలో పద్నాలుగు మంది. వాళ్ళలో కోట మండలం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. తండ్రి వేటకు పోతాడు, తల్లి చేపలు ఎండబెడుతుంది. ఆ పాళెంలో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. వేటకు పోయే కుటుంబాలు ఉండే ఊళ్ళను మా వైపు పాళెం అంటారు. కోర్సు ఇంకా పూర్తికాకముందే నెల్లూరులో ఒక ఆస్పత్రి ఆమెను కౌన్సెలర్‌గా ఎంపిక చేసుకుంది. షరతు ఒక్కటే. జూన్ లోపల గుర్తింపు ఉన్న కోర్సు సర్టిఫికెట్ తెచ్చి చూపించాలి. అంటే ఆమె ఉద్యోగం మా చేతుల్లో ఉంది. కమిటీ మార్చిలో వస్తుందని తెలిసిన రోజున ఆ సంగతి నేనే క్లాసులో అందరికీ చెప్పి, ఆమెను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాను కూడా.

క్షేత్ర శిక్షణ కోసం అల్లూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న మరో పాళెం ఎంచుకున్నాం. అక్కడి తుఫాను షెల్టరులో మాకు ఒక గది ఇచ్చారు. నేను తెర కట్టించి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించి, పుస్తకంలో ఉన్నట్టే తయారుచేయించాను. నెల రోజులు ఈగ కూడా వాలలేదు. వాలదు మరి. ఒక ఆడమనిషి పని మానుకుని, తలుపు మూసిన గదిలో కాలేజీ వాళ్ళతో అరగంట కూర్చుని బయటికి వస్తే, ఊళ్ళో ఎన్ని మాటలు పుడతాయో సైకాలజీ చదవకపోయినా తెలుస్తుంది. నాకు మాత్రం తెలియలేదు.

ఒకరోజు తనిఖీకి వెళ్ళేసరికి ఈ అమ్మాయి గదిలో లేదు. కింద పాకలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని రొయ్యల తలకాయలు తుంచుతోంది. పిలిచి కేకలేశాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, "వాళ్ళు చేతులు ఊరికే పెట్టుకొని కూర్చోలేరు మేడం. చేతుల్లో పనుంటేనే మాట వస్తాది" అంది. నాకు కోపం వచ్చింది గానీ ఆమెను మళ్ళీ గదిలోకి పంపలేదు. తర్వాత మిగతా పిల్లలూ పాకలోకి దిగారు. రెండు నెలలు తిరిగేసరికి ఆడవాళ్ళు పని ముగిశాక కూడా ఒకరొకరుగా వెనక ఉండిపోయి మాట్లాడడం మొదలుపెట్టారు. ఇళ్ళలో కూడా చెప్పుకోని మాటలు అవి.

ఇక నా ఘనకార్యం. సైన్సు చదివిన మన వాళ్ళందరికీ ఒక అలవాటు ఉంటుంది. ప్రయోగం చేసేటప్పుడు రఫ్ పుస్తకంలో రాసుకుంటాం. తర్వాత దాన్ని ఫెయిర్ రికార్డులోకి అందంగా ఎక్కించి, బ్రౌన్ అట్ట వేసి, లెక్చరర్ సంతకం పెట్టించుకుంటాం. మార్కులు దానికే. నేను ఆ పద్ధతినే కౌన్సెలింగ్ కోర్సులోకి తెచ్చాను. రఫ్‌లో మనుషుల పేర్లు ఉంటాయి, ఫెయిర్‌లో పేర్లకు బదులు నంబర్లు ఉంటాయి. అది నాకు గొప్ప ఏర్పాటుగా తోచింది. పిల్లలు రఫ్ పుస్తకాలను తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టుకుని రాసేవాళ్ళు. ఫెయిర్ మాత్రం ఎవరూ సరిగా ఎక్కించలేదు. కమిటీ రావడానికి నెల ముందు అన్నీ తెప్పించి చూస్తే రఫ్ పుస్తకాలు నీచు వాసన కొడుతున్నాయి. అడ్డదిడ్డంగా రాతలు, కొట్టివేతలు, తడి మరకలు. నా ప్రాణం ఉసూరుమంది. రెండు వారాల్లో మొత్తం ఫెయిర్ చేయమని హుకుం జారీచేశాను. పిల్లలు పాపం కష్టపడి రాశారు. పద్నాలుగు రికార్డులు, ముత్యాల్లాంటి అక్షరాలు. వాటిని నా మేజా మీద వరసగా పేర్చుకుని చూసుకుని, మూల పడున్న రఫ్ పుస్తకాల గుట్ట వైపు చెయ్యి చూపించి, మా అటెండరుతో "ఈ చెత్తంతా తీసెయ్యండి" అన్నాను.

ఆయన నాకంటే ముందునుంచి ఆ డిపార్టుమెంటులో ఉన్న మనిషి. నేను తీసెయ్యమంటే ఏం చెయ్యాలో ఆయనకు బాగా తెలుసు. ఏటా పాత పరీక్ష పేపర్లు, పాత రికార్డులు నెల్లూరులో ఏ పాత పేపర్ల కొట్టుకు పోతాయో అవీ అక్కడికే పోయాయి.

కమిటీ రావడానికి మూడు రోజుల ముందు, షెల్టరులో కుర్చీలూ నీళ్ళూ చూసుకోవడానికి ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని పాళెం వెళ్ళాను. తిరిగి వస్తూ అల్లూరులో టీ కోసం జీపు ఆపించాను. పక్కనే ఒకామె బండి మీద పులిసిన పిండితో పులిబొంగరాలు వేడివేడిగా వేస్తోంది. రెండు పొట్లాలు తీసుకున్నాం. సగం తిన్నాక నా చేతిలోని కాగితం మీద అక్షరాలు కనిపించాయి. "ఈ రోజు ఆమె మాట్లాడలేదు. ఇద్దరం రొయ్య తలలు తీసినాము. పోయేటప్పుడు రేపు రమ్మనింది." సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట నాకు తట్టింది ఏమిటంటే, ఫెయిర్ రికార్డులో ఇంత మంచి వాక్యం ఎక్కడా లేదని. ఆ తర్వాత పేజీ పైన చూశాను. ఒక మనిషి పేరు, ఇంటి పేరుతో సహా. కింద ఇంకా చాలా రాసి ఉంది. అదేమిటో ఇప్పుడు కూడా రాయను.

కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకోబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి వైపే చూస్తోంది.

"అది నా రాత మేడం" అంది.

బండామె దగ్గర మిగిలిన కాగితాలన్నీ అడిగి తీసుకున్నాం. "రాసిన కాయితాలకి ఇంత గిరాకీ ఏందమ్మా" అని ఆమె ఆశ్చర్యపోయి, నెల్లూరులో పాత పేపర్ల కొట్లో కొన్నానని చెప్పింది. అక్కడినుంచి జీపును తిన్నగా నెల్లూరు పోనిమ్మన్నాను. పొద్దు పోకముందే అటెండరును తీసుకుని పాత పేపర్ల కొట్టుకు పరిగెత్తాం. అదృష్టం కొద్దీ పన్నెండు పుస్తకాలు కట్టిన తాడు కట్టినట్టే ఉన్నాయి. విడిపోయినవి రెండు. ఒకటి వేరే అబ్బాయిది, అట్ట మాత్రమే ఊడింది. రెండోది ఈ అమ్మాయిది. కొట్టులో దొరికినవీ బండి మీద దొరికినవీ కలిపి వరసలో పెట్టి చూస్తే, ఆమె పుస్తకంలో పదకొండు పేజీలు లేవు. నలుగురు ఆడవాళ్ళ మాటలు అవి. ఎవరెవరివో ఆమె చూడకుండానే చెప్పింది.

అటెండరు కొట్టు బయట గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "ప్రతి యేడూ చేసేదే గదమ్మా. మీరు తీసెయ్యమంటిరి, తీసేస్తిని" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. నాకే అలా వినిపించింది. మర్నాడు పొద్దున్నే నా గదికి వచ్చి, "నేనే తెలీక అమ్మేసినానని రాసేయండమ్మా. ఆర్నెల్లలో రిటైరైపోతా, నన్నేం చేస్తారు" అన్నాడు. అంత పెద్దమనిషి నా తప్పు నెత్తిన వేసుకుంటానంటే వెంటనే వద్దనాలి కదా. నేను అనలేదు. చూద్దాం లెండి అన్నాను. ఆ "చూద్దాం లెండి" ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

మా డిపార్టుమెంటులో ఒక చురుకైన లెక్చరర్ ఉండేవాడు. కమిటీకి చూపించే స్లైడ్లన్నీ అతనే తయారుచేశాడు. అతని లెక్క సూటిగా ఉంది. కమిటీ ఫెయిర్ రికార్డులు అడుగుతుంది, అవి బ్రహ్మాండంగా ఉన్నాయి. రఫ్ పుస్తకాల గురించి వాళ్ళకు తెలియదు, అడగరు. పోయిన పదకొండు పేజీలు ఈపాటికి చెత్తకుండీల్లో ఉంటాయి. "పిల్లల భవిష్యత్తు మేడం, ముఖ్యంగా ఈ అమ్మాయిది" అన్నాడు. నాకు సరిగ్గా అదే వినాలని ఉంది.

ఆ అమ్మాయి అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "ఆ నలుగురికీ చెప్పాల మేడం. వాళ్ళ మాటలు గదా పోయినాయి" అంది.

"చెబుదాం. ఎవరు కాదన్నారు. కమిటీ వెళ్ళిపోనీ. నాలుగు రోజులు ఆగితే నీకే మంచిది."

"నాకు మంచిదే మేడం. వాళ్ళకేం మంచిది?"

జవాబు లేనప్పుడు మన పంతుళ్ళం ఏం చేస్తామో మీకు తెలుసు. గొంతు పెంచాను. ఊళ్ళో విషయం పొక్కితే ఏమవుతుందో తెలుసా అన్నాను. పాళెం పెద్దలు దురాయి వేస్తారు అన్నాను. దురాయి అంటే ఊరి కట్టుబాటు. పెద్దలు కూర్చుని ఫలానావాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదని దురాయి వేశారంటే ఇక ఆ ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టవు. ఆ సంగతి పాళెంలో పుట్టిన పిల్లకు వరిపొలాల మధ్య పుట్టిన నేను చెబుతున్నాను. ఆమె తల వంచుకుని విని వెళ్ళిపోయింది. ఒప్పుకుందనుకున్నాను.

కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షురాలు ఉత్తరాదినుంచి వచ్చిన పెద్దావిడ, సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. తెలుగు రాదు. మొదటి రోజంతా క్యాంపస్‌లో. ఫెయిర్ రికార్డులు ఒక్కొక్కటీ తెరిచి చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. మధ్యాహ్నం విద్యార్థులతో సమావేశంలో పదమూడు మందే ఉన్నారు. ఆ అమ్మాయి ఏదని ఆవిడ అడిగితే, జ్వరమండీ అని మా లెక్చరర్ ఠక్కున చెప్పేశాడు. నా మీద అలిగి ఇంట్లో కూర్చుందనుకున్నాను.

రెండో రోజు పాళెం. షెల్టరు గదిలో కమిటీ ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు. ఎదురుగా చాపల మీద ఇరవై మంది దాకా ఆడవాళ్ళు. వెనక గోడ దగ్గర మా పిల్లలు. ఆ అమ్మాయి కూడా వచ్చింది, కళ్ళు వాచి ఉన్నాయి. అధ్యక్షురాలి ప్రశ్నలను తెలుగులో చెప్పడం, వాళ్ళ జవాబులను ఇంగ్లీషులో చెప్పడం నా పని. మొదట మామూలు ప్రశ్నలే. పిల్లలు ఎప్పుడు వస్తారు, ఎంతసేపు ఉంటారు, మర్యాదగా మాట్లాడతారా. అంతా సాఫీగా నడిచింది. చివర్లో ఆవిడ కలం పట్టుకుని, "వీళ్ళతో మీరు చెప్పుకున్న మాటలు ఎప్పుడైనా బయటికి పోయాయా?" అని అడగమంది.

అడిగాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దామె, ఆ పాకలో అందరూ పెద్దమ్మా అని పిలిచే మనిషి, నా వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"పోయినాయి. మేం జెప్పుకున్న మాటలు రాసిన కాయితాలు అల్లూరులో పులిబొంగరాలు కట్టిచ్చేదానికి పోయినాయంట. కొన్ని దొరికినాయి, కొన్ని దొరకలా. ఈ పాప నిన్న మజ్జేన్నం వచ్చింది. ఎవరెవరి మాటలు పోయినాయో వాళ్ళ ఇంటికాడికే పోయి, వాకిట్లో నిలబడి చెప్పింది. మాకు కోపం వచ్చింది, రాదా మరి? ఒకామె అయితే ఇప్పటికీ ఈ పాపతో మాట్లాడ్డంలా. అయినా వచ్చి చెప్పింది గదా. చెప్పకపోయుంటే మాకేం తెలుస్తాది?"

అధ్యక్షురాలు నా వైపు చూసింది. జూన్, ఆస్పత్రి ఉద్యోగం, పద్నాలుగు మంది పిల్లలు, నా ముప్పై ఏళ్ళ పేరు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఏది ముందు తిరిగిందని అడిగితే నిజం చెబుతాను, నా పేరే.

"వాళ్ళకు మా విద్యార్థుల మీద పూర్తి నమ్మకం ఉందట" అని ఇంగ్లీషులో చెప్పాను.

అధ్యక్షురాలు తలాడించి రాసుకోబోయింది. గోడ దగ్గర ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసింది. ఆమెకు ఇంగ్లీషు వచ్చు. పెద్దమ్మకు రాదు. కానీ పెద్దమ్మే ముందు నోరు విప్పింది.

"నేను అంత సేపు జెప్పినా. మీరు ఒక్క ముక్కలో ముగించేసినారే మేడమ్మా. వాళ్ళ బాసలో అంత పొట్టిదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. ఎగతాళికి కూడా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు వినాలని ఎన్ని బ్యాచిలకు పాఠం చెప్పానో. ఆ పాఠం నాకు ఆ చాప మీదినుంచి వచ్చింది.

"నేను చెప్పింది తప్పు" అన్నాను అధ్యక్షురాలితో. "ఆమె అన్నది వేరు." ఈసారి ఆమె మాటలన్నీ వరసగా చెప్పాను. కోపం వచ్చిందన్నదీ, ఒకామె ఇంకా మాట్లాడడం లేదన్నదీ వదల్లేదు. తర్వాత నా మాట కలిపాను. పుస్తకాలు తీసెయ్యమన్నది నేను. అటెండరు నేను చెప్పిన పని చేశాడు. వాళ్ళకు చెప్పకుండా ఆగమన్నదీ నేనే. నిన్న కమిటీ చూసిన రికార్డులు రెండు వారాల్లో నేను దగ్గరుండి రాయించినవి. ఇదంతా చెప్పి ముగించి, అలవాటు కొద్దీ తెలుగులో కూడా చెప్పాను. పెద్దమ్మ విని, "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అంది.

అధ్యక్షురాలు కలం మూసింది. "ఆ రికార్డులు చూసినప్పుడే అనుకున్నాను. పద్నాలుగు మంది రాశారు, ఒక్క కొట్టివేత లేదు. మనుషుల గురించి రాసేటప్పుడు చెయ్యి ఎక్కడో ఒకచోట తడబడాలి" అంది. తర్వాత దొరికిన రఫ్ పుస్తకాలు చూడాలంది. కొట్టునుంచి తెచ్చిన రోజు మొదలు అవి ఆ అమ్మాయి దగ్గరే సంచిలో ఉన్నాయి. ఆమె సంచిని గుండెకు ఆనించుకుని, "వీళ్ళని అడగాల మేడం" అంది. అధ్యక్షురాలు నా వైపు చూస్తే ఆ ముక్కా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. పుస్తకాలు అడగలేదు.

నవ్వింది కదా, గుర్తింపు ఇచ్చేస్తుందని ఆశపడ్డాను. అలా జరగదు, జరగకూడదు కూడా. పోయిన పేజీలు పోయినవే. నిజం చెప్పినంత మాత్రాన అవి వెనక్కి రావు.

కమిటీ వెళ్ళాక పాళెం పెద్దలు కూర్చున్నారు. అప్పుడు గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. ముందురోజు ఆ అమ్మాయి వచ్చి చెప్పినప్పుడే మగవాళ్ళు దురాయి వేసేద్దామన్నారట. కాలేజీ వాళ్ళెవరూ ఊళ్ళోకి రాకూడదని. పెద్దమ్మే ఆపిందట. "పాప వచ్చి చెప్పింది. వాళ్ళ మేడమ్ చెప్తాదో లేదో రేపు చూద్దాం, ఆనక మీ ఇష్టం" అన్నదట. నేను కమిటీ ముందు పరీక్ష రాస్తున్నాననుకున్నాను. పరీక్ష పెట్టినవాళ్ళు చాప మీద కూర్చున్నారు. దానిలో నేను మొదటిసారి తప్పి, రెండోసారి ఎలాగో గట్టెక్కాను.

దురాయి మాత్రం వేశారు. పిల్లలు రావచ్చు. రాసుకోవచ్చు. రాసిన కాగితం పాళెం దాటకూడదు. పుస్తకాలు షెల్టరులోనే ఒక ఇనప్పెట్టెలో ఉండాలి, తాళం ఆడవాళ్ళ దగ్గర ఉండాలి. విశ్వవిద్యాలయంలో ఈ మాట చెబితే పెద్దలు నన్ను వింతగా చూశారు. చేపలు పట్టేవాళ్ళు మన రికార్డులకు తాళం వేయడమేమిటన్నారు. మండలికి పంపే నివేదికలో దురాయికి ఇంగ్లీషులో ఏం రాయాలో తెలియక నేను రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి దురాయి అనే రాసి, పక్కన నాలుగు వాక్యాల్లో వివరించాను. పొట్టిగా తేల్చేసే ధైర్యం నాకిక లేదు.

ఏడాది తర్వాత అదే అధ్యక్షురాలు మళ్ళీ వచ్చింది. పెట్టె చూసింది, తాళం ఎవరి దగ్గరుందో చూసింది, గుర్తింపు ఇచ్చింది. పద్నాలుగు మందికీ వర్తించింది. ఆ అమ్మాయి ఇప్పుడు పెట్టే సంతకం చెల్లుతుంది. రెండోసారి ఆస్పత్రిలో ఖాళీ పడే దాకా ఆమె ఆగవలసి వచ్చింది. అటెండరు ఏ మచ్చా లేకుండా రిటైరయ్యాడు. ఫైల్లో ఇదంతా ఒకటిన్నర పేజీ. అది చదివితే అంతా సవ్యంగా ముగిసినట్టే ఉంటుంది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం మధ్యలో ఒక రోజు, మొదటి ఉత్తరం వచ్చిన రోజు. గుర్తింపు ఏడాది వాయిదా. ఈ బ్యాచి క్షేత్ర శిక్షణ గంటలు చెల్లవు, మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. అంటే జూన్‌లో ఆస్పత్రికి చూపించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. ఉత్తరం ఆమెకు ఇచ్చి, "నా వల్లే అమ్మా" అన్నాను. ఏం చెప్పినా తక్కువే. ఆమె రెండుసార్లు చదువుకుంది. ఏడ్వలేదు. "వాళ్ళకి కూడా చదివి వినిపిద్దాం మేడం" అంది.

ఇద్దరం పాళెం వెళ్ళాం. పాకలో పని నడుస్తోంది. ఆమె పాక అంచున నిలబడి ఉత్తరం విప్పి, ఒక్కో వాక్యం చదువుతూ, తెలుగులో చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు. రహస్యం కాపాడడంలో లోపం అన్న చోట కూడా ఆగకుండా చెప్పింది. గంటలు చెల్లవని, ఉద్యోగం పోయిందని చెప్పింది. చెప్పడం అయ్యాక ఉత్తరం మడిచి అలాగే నిలబడింది.

ఆమెతో అన్ని రోజులూ మాట్లాడకుండా ఉన్న ఆ ఒకామె చివర్లో కూర్చుని ఉంది. పోయిన పేజీల్లో ఎక్కువ ఆమెవే. తల ఎత్తలేదు. చేతిలో ఉన్న రొయ్య తల తుంచి పడేసి, ముందున్న గంప కొంచెం పక్కకు జరిపింది.

"అయితే ఇంకో యేడాది వస్తావు" అంది. "ఆడ నిలబడతావేంది, కూర్చో."

ఆ అమ్మాయి కూర్చుంది. నన్ను ఎవరూ కూర్చోమనలేదు. కాసేపు నిలబడి, చెప్పులు విడిచి, నేనే కూర్చున్నాను.